పాత కారు ఇంకా బాగు చేయించాలా, మార్చేయాలా? తేల్చుకునే పద్ధతి

షెడ్డులో బానెట్ ఎత్తి ఉన్న కారు పక్కన నిలబడి, "సార్, నలభై వేలు దాటుతుంది" అన్న మాట విన్న నిమిషంలో ఏ నిర్ణయమూ తీసుకోకండి. కోపమొస్తే "ఇక చాలు, ఎంతకో అంతకు ఇచ్చేద్దాం" అనిపిస్తుంది. బండి మీద మమకారముంటే "సరే, కానీయండి" అనేస్తాం. రెండిటిలోనూ లెక్క ఉండదు.

మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి. నాన్న 2011లో కొన్న చిన్న పెట్రోల్ కారు అది. అక్కను అత్తారింటికి పంపింది అందులోనే. పన్నెండో ఏట ఏసీ పోయి, గుంతల్లో టకటకమని మోత మొదలైనప్పుడు విసిగిపోయి అరవై వేలకు ఇచ్చేయబోయి ఆగాం. తర్వాత మమకారం కొద్దీ 35 వేలు పెట్టి బండి మొత్తానికి పెయింటింగ్ చేయించాం. ఆరు నెలలకు లిఫ్ట్ మీద ఎక్కిస్తే అడుగున తుప్పు బయటపడింది. ముందే అడుగు చూసి ఉంటే పెయింటు జోలికి వెళ్లేవాళ్లమే కాదు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత లెక్కపెట్టాలి అన్న వరుస మాకు అప్పుడు తెలియలేదు. ఆ వరుసనే కింద రాస్తున్నాను.

ముందు రెండు తప్పు లెక్కలు పక్కన పెట్టండి

మొదటిది అందరూ అనేదే: "బండి అమ్మితే లక్ష కూడా రాదు, దానికి అరవై వేలు రిపేరా?" వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ లక్షతో మీకు ఇంకో మంచి బండి రాదు కదా. రిపేరు ఖర్చును బండి అమ్మకపు ధరతో పోల్చకూడదు. ఈ బండినే ఇంకో రెండేళ్లు నడపడానికి ఎంతవుతుంది, అదే రెండేళ్లు వేరే బండితో గడపడానికి ఎంతవుతుంది, ఈ రెండిటినీ పోల్చాలి.

రెండోది దీనికి తిరగబడిన తప్పు: "మొన్ననే క్లచ్ వేయించాం, నాలుగు టైర్లూ మార్చాం, ఇప్పుడెలా అమ్ముతాం?" ఆ డబ్బు ఖర్చయిపోయింది. బండి ఉంచుకున్నా, అమ్మినా అది తిరిగి రాదు. కొత్త టైర్లకు కొనేవాళ్లు కాస్త ఎక్కువిస్తే ఇస్తారు, అంతే. ఇకపై పెట్టాల్సిన డబ్బు ఒక్కటే లెక్క.

బండి అసలు పరిస్థితి తెలుసుకోండి

దీనికి ఒక పూట పెట్టండి. వీలైతే రిపేరు చేయబోయే మెకానిక్ కాకుండా వేరే అతనికి చూపించి, చూసినందుకు డబ్బులిచ్చేయండి. "మీ దగ్గర పని చేయించను, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని ముందే అంటే మంచిది. పని వస్తుందన్న ఆశ లేనప్పుడు మాట సూటిగా వస్తుంది.

కొన్ని మీరే చూడొచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక ఎవరినైనా నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. చలికాలంలో మొదటి రెండు నిమిషాలు తెల్లటి ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ లోపల కాలుతోందని అనుమానించాలి. నల్ల పొగ అంటే ఇంధనం సరిగ్గా మండట్లేదు. చాలాసార్లు ఇది చిన్న ఖర్చుతో పోతుంది. తర్వాత ఇంజన్ ఆపి, ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. చిలికిన మజ్జిగ నురగలా తెల్లటి పూత కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తూ ఉండొచ్చు. అప్పుడు హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, చూపించాలి. వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి కొద్దిగా తేమ చేరడం మాత్రం సహజం, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం గుర్తుపెట్టుకుని వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. లీటరు దాకా తగ్గిందంటే ఆ ఇంజన్ బోరుకు, అంటే విప్పి సిలిండర్లు బాగుచేయాల్సిన పెద్ద పనికి, వచ్చే దారిలో ఉంది.

మెకానిక్‌తో చేయించాల్సినవి మూడు: కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూడటం), స్కానర్ పెట్టి బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదవడం, లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడటం. మూడింటిలో ఒక్కటే చేయించగలిగితే మూడోది చేయించండి. ఇంజన్ పాడైతే బాగుచేయొచ్చు, గేర్ బాక్స్ మార్చొచ్చు. బాడీ తుప్పు పట్టి బలం పోతే మాత్రం చేయగలిగింది చాలా తక్కువ. ముందు చక్రాల సస్పెన్షన్ బిగించే చోటు, తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్, ఫ్లోర్, పిల్లర్ల అడుగు భాగం, ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టించండి. గట్టిగా మోగితే సరే. పెచ్చులు రాలినా, మెత్తగా దిగినా అది పైపై తుప్పు కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

మెకానిక్ ఇచ్చిన చిట్టాను విడదీయండి

చిట్టాలో పది పనులుంటే పదీ ఒకే రకం కావు. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు ఏ బండికైనా అరుగుతాయి, కొత్తది కొన్నా కొన్నేళ్లకు మార్చాలి. వీటిని బండి ముసలిదైపోయిందనడానికి గుర్తుగా తీసుకోకండి.

లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు, రేడియేటర్, రబ్బరు గొట్టాలు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ లాంటివి వయసుతో వచ్చేవి. పదేళ్లు దాటిన బండికి ఇవి రెండు మూడేళ్ల వ్యవధిలో వరసగా వస్తాయి, ఒకసారి చేయిస్తే మళ్లీ చాన్నాళ్లు ఆగుతాయి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. సరిగ్గా ఈ వరసంతా చేయించి, విసిగి, బండిని అమ్మేస్తారు. కొన్నవాడు ఆ తర్వాత నాలుగేళ్లు హాయిగా తిరుగుతాడు. కాబట్టి మెకానిక్‌ను ఇలా అడగండి: "ఈ వరసలో ఇంకా రావాల్సినవి ఏమున్నాయి?" వచ్చేవన్నీ అయిపోయిన బండి, ఇంకా మొదలుకాని బండి కన్నా మేలు.

ఇంజన్ బోరు, గేర్ బాక్స్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), డీజిల్ బండికి ఇంజెక్టర్లు, టర్బో, హైప్రెషర్ పంపు పెద్ద పనులు. వీటిలో ఒకటి వస్తే ఆలోచించాలి. రెండు కలిసి వస్తే చాలావరకు నిర్ణయం అయిపోయినట్టే.

ఇంజన్ లోపల పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు గురించి మాత్రం విడిగా అడగండి. కొన్ని ఇంజన్లకు చైన్ ఉంటుంది, కొన్నిటికి రబ్బరు బెల్టు. బెల్టు అయితే అది ఎప్పుడు మార్చారో బిల్లు వెతకండి. చాలా ఇంజన్లలో నడుస్తుండగా బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి, కొన్ని వేలతో పోయే పని ఇంజన్ విప్పేదాకా వెళ్తుంది.

విడిభాగాలు దొరుకుతాయా లేదా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోవాలి. జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా ఇండియాలో షెవర్లే కార్ల అమ్మకం ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అలాంటి బండ్లకు ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు దొరికినా, బాడీ ప్యానెళ్లు, ఎలక్ట్రానిక్ భాగాల కోసం తిరగాల్సి రావొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఒకసారి విచారించి, వస్తువు రావడానికి ఎన్ని రోజులో అడిగాకే ఉంచుకోవాలో లేదో తేల్చుకోండి.

ఇప్పుడు కాగితం మీద లెక్క

నెలకు ఎంత పడుతుందో వేయాలి. లక్షల్లో చూస్తే భయమో ఆశో వస్తుంది. నెల లెక్కలో చూస్తే ఇంటి ఖర్చులతో పోల్చుకోవచ్చు. కింది అంకెలు ఉదాహరణకే. వాటి స్థానంలో మీవి వేసుకోండి.

పాత బండి. ఇప్పుడు చిట్టా ప్రకారం 70 వేలు. ఆ తర్వాత రెండేళ్లలో ఏటా 30 వేల చొప్పున 60 వేలు. మొత్తం లక్షా 30 వేలు, అంటే 24 నెలలకు నెలకు సుమారు 5,400. ఈరోజు లక్షకు పోయే బండి రెండేళ్లకు 70 వేలకు పోతుందనుకుంటే, ఆ తగ్గుదల నెలకు 1,250. 2022లో ఖరారైన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను విడిగా. నెలకు 175 వేసుకుందాం. అన్నీ కలిపి నెలకు సుమారు 6,800.

కొత్త బండి. ఆన్ రోడ్ ఏడున్నర లక్షలు. లక్షన్నర చేతిది, ఆరు లక్షలు లోను. 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ దాదాపు 12,450 పడుతుంది, మొత్తం వడ్డీ లక్షా 47 వేల దాకా. ఐదేళ్ల తర్వాత బండి సగం ధరకు పోతుందనుకుంటే తగ్గుదల 3 లక్షల 75 వేలు. వడ్డీ, తగ్గుదల కలిపి 60 నెలలకు పంచితే నెలకు 8,700. ఫుల్ ఇన్సూరెన్స్ నెలకు 1,200, సర్వీసింగ్ 600 వేస్తే మొత్తం 10,500.

తేడా దాదాపు 3,700. ఇప్పుడు పెట్రోల్ చూడాలి. పాత బండి లీటరుకు 14 ఇస్తూ, కొత్తది 19 ఇస్తే, నెలకు 800 కిలోమీటర్లు తిరిగేవారికి 15 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయల లెక్కన 1,600. అప్పుడు తేడా 2,100కి దిగుతుంది. అదే నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే మిగిలేది ఆరు లీటర్లు కూడా కాదు. అందుకే "నెలకు ఎంత తిరుగుతారు?" అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఎవరు సలహా ఇచ్చినా వినకండి. తక్కువ తిరిగే ఇంటికి పాత బండి లాభం, రోజూ తిరిగే ఇంటికి కొత్తది త్వరగా దగ్గరవుతుంది.

ఈ లెక్కలో తగ్గుదలను వదిలేసి, ఈఎంఐని మాత్రమే రిపేరుతో పోల్చడం మామూలుగా జరిగేది. ఈఎంఐ మీ జేబులోంచి ప్రతినెలా వెళ్లే డబ్బు. ఇంట్లో అది మోయగలమా అన్నది వేరే ప్రశ్న. నెలకు 12,450 కట్టడం కష్టమైతే, లెక్క కొత్త బండివైపు మొగ్గినా ఆగడమే మంచిది.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు రాసుకున్న ధరలు మీ దగ్గరుంటే కొట్టేసి కొత్తవి వేసుకోండి. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా దిగుతుందని మర్చిపోకండి.

లెక్కకు లొంగని విషయాలు

రెండు వేలో మూడు వేలో తేడా వచ్చాక అసలు ఆలోచన ఇక్కడుంటుంది.

గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ దేశంలో అన్ని కొత్త కార్లకూ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్క సీటుకు కూడా 2021లో. అంతకు ముందు కొన్న బండి తక్కువ ధర వేరియంట్ అయితే ఈ రెండూ లేకపోవచ్చు. మా బండికి లేవు. ఊళ్లో మార్కెట్‌కు, గుడికి తిరిగే బండికి దీన్ని నేను పెద్ద లోపం అనను. కానీ పిల్లల్ని ఎక్కించుకుని నెలకు రెండుసార్లు హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెళ్లే బండికి అంటాను, గట్టిగా అంటాను. ఏ రిపేరూ ఆ బండికి ఎయిర్‌బ్యాగ్ తెచ్చిపెట్టదు. నెలకు రెండు వేల తేడా కోసం ఇక్కడ వెనకాడొద్దు.

బాడీలో బలమైన చోట తుప్పు తిన్న బండి కూడా అంతే. పైన రేకు అతికించి, పుట్టీ పెట్టి, రంగు వేస్తే కళ్లకు బాగుంటుంది గానీ గుద్దినప్పుడు ఆపాల్సిన ఇనుము అక్కడ ఉండదు.

మూడోది నమ్మకం. అర్ధరాత్రి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఈ బండి తాళం తీసుకుంటారా, క్యాబ్ బుక్ చేస్తారా? ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి. మా అమ్మ "ఆటో పిలుద్దాం" అన్న రోజునే నాకు విషయం అర్థమైంది.

పదిహేనేళ్ల గడువు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించి తిప్పుకోవచ్చు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలన్న మాట ఢిల్లీ పరిసరాలకు సంబంధించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ కారణంతో బండిని తక్కువ ధరకు ఇచ్చేయనక్కర్లేదు. ఆ మాట చెప్పి ధర తగ్గించే బ్రోకర్లుంటారు.

రెన్యువల్‌కు ఖర్చు మాత్రం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు కేంద్రం ఫీజు 5,000 చేసింది. 20 ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో పెంచింది. దీనికి గ్రీన్ ట్యాక్స్, మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టే ముందు చేయించే లైట్లు, బ్రేకులు, బాడీ పనులు కలపండి. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆర్సీ గడువు దాటిన బండితో రోడ్డెక్కితే జరిమానా ఒకటే కాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. మీ బండికి పద్నాలుగేళ్లు నిండితే, పెద్ద రిపేరు చేయించే ముందు ఈ ఖర్చు లెక్కలో వేయాల్సిందే.

పాత పెట్రోల్ బండ్లవాళ్లు ఈ20 గురించి అడుగుతుంటారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. దానికి తగ్గట్టు తయారుకాని పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది. అవి మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు. బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తే మాత్రం ఆ రోజే చూపించండి. ఒక్క ఈ20 భయంతోనే మంచి బండిని అమ్మొద్దు.

ఉంచుకోవాలని తేలితే

పనుల వరస ఇదీ: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు మొదట. తర్వాత కూలింగ్, అంటే రేడియేటర్, గొట్టాలు, థర్మోస్టాట్. మన ఎండల్లో ముసలి ఇంజన్లను చంపేది ఎక్కువగా వేడే. తర్వాత సస్పెన్షన్, ఆపైన ఏసీ. పెయింటింగ్ అన్నిటికన్నా చివర, వీలైతే అసలే వద్దు. తీసేసిన పాత భాగాలు ఇమ్మని ముందే చెప్పండి.

వచ్చే రెండేళ్లకు ఒక గరిష్ఠ మొత్తం ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. మేము లక్షా ఇరవై అనుకున్నాం. రెండో ఏడు సగానికి 98 వేలయ్యాయి, గేర్ బాక్స్ మోత మొదలైంది. ముందే రాసుకున్న అంకె ఉండబట్టి ఇంట్లో వాదన లేకుండా ఆగిపోయాం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే

కొత్తదానికీ పాతదానికీ మధ్య దారి ఇదే. మూడు నాలుగేళ్ల బండి అయితే మొదటి పెద్ద తగ్గుదల ఎవరో భరించేశారు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. కానీ వరద బండి జాగ్రత్త. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అక్కడ బురద చార ఉంటే ఎంత కడిగినా దొరికిపోతుంది. కార్పెట్ ఎత్తి అడుగు తడమండి, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, డాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్ల మీద పచ్చటి పూత వెతకండి. తలుపులు మూసి ఐదు నిమిషాలు కూర్చుంటే ముగ్గిన వాసన తెలుస్తుంది. ఒక్క గుర్తు కనిపించినా వచ్చేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

వదిలించుకునేటప్పుడు

నడిచే బండికే ధర ఉంటుంది. గేర్ బాక్స్ పూర్తిగా పోకముందే, లోపం దాచకుండా చెప్పి అమ్మండి. నడవని బండి, తుప్పు తిన్న బండి అయితే ఇంకొకరికి అంటగట్టకుండా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. 2021లో కేంద్రం తెచ్చిన విధానం ప్రకారం వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపితే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. సొంత వాహనాలకు రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి వీలుంది, మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఊళ్లో పాత ఇనుము కొట్టుకు ఇచ్చేస్తే ఆ కాగితం రాదు, ఆర్సీ మీ పేరు మీదే ఉండిపోతుంది.

అమ్మితే పేరు మార్పిడి ఫారాలైన 29, 30 మీద సంతకాలతో పని అయిపోయిందనుకోవద్దు. పేరు మారేదాకా రికార్డులో ఓనరు మీరే, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బులో కొంత పేరు మారాక తీసుకునేలా మాట్లాడుకోండి. బకాయి చలాన్లు ముందే కట్టేయండి, లోను తీరి ఉంటే ఆర్సీలో బ్యాంకు పేరు తీయించండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండిది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం దాకా ఉంటుంది, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే తర్వాత కొనే బండికి వాడుకోవచ్చు. ఫాస్టాగ్‌ను తాళం ఇచ్చే రోజే మూయించండి. మేము మర్చిపోతే, బండి కొన్నాయన తిరుపతి వెళ్లొచ్చిన టోలు డబ్బులు మా నాన్న ఖాతాలోంచి కట్ అయ్యాయి.